ఇటలీ క్షుద్ర బ్లాక్ మెటల్: ముందు ఏ ఆల్బమ్ వినాలి?

బ్లాక్ మెటల్ అంటే అరుపు గొంతులతో, హోరెత్తే గిటార్లతో చీకటి విషయాలు పాడే కరకు రాక్ సంగీతం. నార్వే బ్లాక్ మెటల్‌కి అలవాటు పడిన చెవికి ఇటలీ బ్యాండ్లు మొదట వింతగా తగులుతాయి. మంచు ఉండదు, అడవి ఉండదు, ఈదురుగాలి లాంటి గిటార్ హోరు కూడా తక్కువే. మూసేసిన చర్చి, ఇప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన, కింద నేలమాళిగలో ఎవరో నడుస్తున్న చప్పుడు: ఇవి గుర్తొస్తాయి. నార్వేవాళ్లది ఆరుబయట చీకటి, ఇటలీవాళ్లది తలుపులేసిన గది చీకటి అని స్నేహితులతో అంటుంటాను.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఒకే మాట అడిగారు. "ఇటలీ బ్లాక్ మెటల్ విందామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టను?" వెతికితే ముప్పై పేర్లు దొరుకుతాయి. ముప్పై పేర్లు చేతిలో పెడితే ఏమీ చెప్పనట్టే. అందుకే ఆరింటికి కుదించాను. అందులో ఒకటి నిజానికి డూమ్, అంటే నిదానంగా, బరువుగా నడిచే మెటల్. ఇంకొకటి బ్లాక్ మెటల్ అనే మాట పుట్టకముందే మొదలైన బ్యాండ్. అయినా ఆ రెండూ వదిలేస్తే మిగతా నాలుగు ఎందుకలా వినిపిస్తాయో అంతుపట్టదు.

## ముందు ఇవి తేల్చుకోండి

ఏ బ్యాండ్ గొప్పది అని అడిగితే తేలేది ఏమీ లేదు. మీకు ఎలాంటి చీకటి కావాలన్నదే అసలు సంగతి.

మొదట చూడాల్సింది, ఆ చీకటి ఏ వాయిద్యంలోంచి వస్తోందన్నది. బ్లాక్ మెటల్ అనగానే అందరూ గిటార్ గురించి మాట్లాడతారు. ఇటలీ విషయంలో మాత్రం చెవి బేస్ మీద, ఆర్గన్ మీద పెట్టాలి. గిటార్ రంపంలా కోస్తుంటే మనకి భయం వేయదు, ఊపు వస్తుంది. కింద బేస్ ఒంటరిగా నడుస్తుంటే అప్పుడు మెడ వెనక ఏదో తగిలినట్టు ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

రెండోది గొంతు. అరుపు గొంతులు మీకు ఎంతవరకు పడతాయి? పూర్తిగా అరిచేవి, మంత్రం చదివినట్టు గొణిగేవి, మధ్యలో మామూలుగా పాడేవి, మూడూ ఈ ఆరింటిలో ఉన్నాయి.

మూడోది రికార్డింగ్. 1980ల ఇటలీలో మెటల్ బ్యాండ్ల దగ్గర డబ్బు లేదు, మెటల్ తెలిసిన సౌండ్ ఇంజనీర్లూ తక్కువే. ఆ గరుకుదనం కొందరికి ప్రాణం. ఇంకొందరికి పది నిమిషాల్లో తలనొప్పి.

నాలుగోది కాస్త సున్నితం. క్షుద్రం అనేది వీళ్లకు వేషమా, నమ్మకమా? రెండూ తప్పు కాదు. సినిమా భయం కోరుకునేవాళ్లకు వేషం చాలు. పాటలో నిజంగా ఏదో జరుగుతున్నట్టు అనిపించాలంటే మాత్రం, ఆ విషయాన్ని చదివి, నమ్మి, ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని ఉన్న బ్యాండ్ కావాలి.

చివరగా ఒక మామూలు విషయం, కానీ అందరూ మర్చిపోతారు. దేంట్లో వింటున్నారు? ఫోన్ స్పీకర్‌లో బేస్ రాదు. వీటిలో కనీసం రెండు ఆల్బమ్‌లు ఫోన్ స్పీకర్‌లో వింటే అసలు వినలేదన్నట్టే లెక్క.

## ఈ చీకటి ఎక్కడి నుంచి వచ్చింది

కొంచెం వెనక్కి వెళ్లాలి, ఎక్కువ కాదు. 1972లో జాకుల అనే బృందం "తార్దో పేదే ఇన్ మాజియమ్ వెర్సుస్" అనే రికార్డు తెచ్చింది. ఆంతోనియో బార్తొచ్చెత్తి నడిపిన బృందం ఇది. అందులో చర్చి ఆర్గన్‌దే రాజ్యం. పేరేమో అప్పట్లో ఇటలీలో అమ్ముడుపోయిన ఒక రక్తపిశాచి కామిక్స్‌లోని నాయికది. చర్చి వాయిద్యం, లాటిన్ పేరు, చవక భయానక కామిక్స్, మూడూ ఒకే చోట. తర్వాత యాభై ఏళ్లు ఇటలీ వాళ్లు చేసిందంతా ఈ మూడింటిని తిప్పి తిప్పి కలపడమే అంటే మరీ అతిశయోక్తి కాదు.

ఇక సినిమా. భయానక సినిమాల దర్శకుడు దారియో అర్జెంతో తీసిన "ప్రొఫోందో రొస్సో" (1975), "సస్పీరియా" (1977) సినిమాలకు రోమ్ నగరపు బ్యాండ్ గాబ్లిన్ సంగీతం ఇచ్చింది. సస్పీరియా సంగీతంలో గుసగుసలు, బుజూకీ అనే గ్రీకు తీగ వాయిద్యంతో పాటు మన తబలా కూడా ఉంది. తెలియక వింటే గుర్తుపట్టడం కష్టం, తెలిశాక వినకుండా ఉండలేం. ఇంకో భయానక సినిమాల దర్శకుడు లూచియో ఫుల్చి సినిమాలకు ఫాబియో ఫ్రిజ్జీ చేసిన సంగీతం ఇంకో దారి. ఇటలీలో గిటార్ పట్టిన కుర్రాళ్లకు ఈ సినిమాలు ఇంట్లో మనిషి లాంటివి.

వీటన్నిటి కింద క్యాథలిక్ చర్చి ఉంది. ఊరి మధ్య చర్చి, దాని కింద సమాధులు, గాజు పెట్టెల్లో సాధువుల ఎముకలు. ఇటలీ చిన్న ఊళ్లలో ఎవరైనా పోతే నల్ల అంచు ఉన్న మరణవార్త పోస్టర్లు గోడల మీద అంటిస్తారు. మన దగ్గర సెంటర్లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ గుర్తుకొస్తుంది, కాకపోతే అందులో నవ్వుతున్న నాయకులు ఉండరు. చావు ఇలా కళ్లెదుటే తిరిగే చోట భయం కోసం అడవిదాకా పోనక్కర్లేదు.

## ఒక్క చూపులో ఆరూ

| బ్యాండ్, ఊరు | మొదట వినాల్సింది | చీకటి ఎక్కడుంది | గొంతు | రికార్డింగ్ | కొత్తవాళ్లకు |
|---|---|---|---|---|---|
| డెత్ ఎస్ఎస్, పెజారో | 1977–84 నాటి పాటల సంకలనం | వేషం, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) | మామూలు పాట | బాగా గరుకు | సులభం |
| నెక్రోడెత్, జెనోవా | ఇన్‌టు ద మకాబర్ (1987) | వేగం, ప్రతిధ్వని | అరుపు | గరుకు | థ్రాష్ (వేగమైన మెటల్) తెలిస్తే సులభం |
| మార్చురీ డ్రేప్, అలెస్సాంద్రియా | ఆల్ ద విచెస్ డాన్స్ (1994) | బేస్ | గరగర, మంత్రంలా | పొడిగా, లోతుగా | ఓపిక కావాలి |
| ఒపేరా 9, బియెల్లా | సాక్రో కుల్తో (1998) | కీబోర్డు, పొడవాటి కథనం | ఆడ గొంతు, అరుపూ పాటా | నిండుగా | మధ్యస్థం |
| అబోరిమ్, తారాంతో/రోమ్ | కలియుగ బిజార్ (1999) | యంత్రాల మోత | రకరకాలు | చల్లగా, పదునుగా | ఎలక్ట్రానిక్ ఇష్టమైతేనే |
| అబిస్మల్ గ్రీఫ్, జెనోవా | ఫెరెత్రి (2013) | ఆర్గన్, నిదానం | లోతైన గొణుగుడు | శుభ్రం | అన్నిటికన్నా సులభం |

పట్టికలో ఇమడనిదే ఎక్కువ. ఒక్కోటి చూద్దాం, కొన్నిటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

## మార్చురీ డ్రేప్: బేస్ చెప్పే దెయ్యం కథ

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే. 1986లో ఉత్తర ఇటలీ పియమోంతె ప్రాంతంలోని అలెస్సాంద్రియాలో మొదలైంది. పేరుకు అర్థం మార్చురీలో శవం మీద కప్పే గుడ్డ. మొదటి నుంచీ బ్యాండ్‌ను మోస్తున్న మనిషి వైల్డ్‌నెస్ పర్వర్షన్ అని పేరు పెట్టుకున్న డ్రమ్మర్, గాయకుడు. మొదలైన ఎనిమిదేళ్లకు గానీ పూర్తి ఆల్బమ్ రాలేదు. అంతకుముందు 1987లో "నెక్రోమాన్సీ" అనే డెమో (నమూనా రికార్డింగ్), 1992లో "ఇన్‌టు ద డ్రేప్" అనే చిన్న రికార్డు ఉన్నాయి.

"ఆల్ ద విచెస్ డాన్స్" 1994లో వచ్చింది. అదే ఏడాది నార్వేలో బ్లాక్ మెటల్ మహా జోరు మీద ఉంది. ఈ ఆల్బమ్ మాత్రం ఆ గాలి సోకనట్టే ఉంటుంది. గిటార్లు పక్కకు జరిగి దారి ఇస్తాయి, బేస్ ముందుకొచ్చి రాగం పట్టుకుంటుంది. బేస్ పాటను మోయడం కాదిక్కడ, పాటను అదే చెబుతుంది. "త్రెజెంద" అనే పాట వినండి. ఆ మాటకు ఇటాలియన్‌లో మంత్రగత్తెలు రాత్రి గుమిగూడే కూటమి అని అర్థం. లయ పరుగెత్తదు, గుండ్రంగా తిరుగుతుంది. నాకైతే చెరువు గట్టు మీద ఎవరో వరసగా నడుచుకుంటూ పోతున్నట్టు, లెక్కపెడితే ప్రతిసారీ ఒకరు ఎక్కువున్నట్టు అనిపిస్తుంది.

ఇంకో తేడా ఉంది. సైతాను పేరు గట్టిగా అరిచే బ్యాండ్లు బోలెడు. వీళ్ల మనసు చచ్చినవాళ్ల మీద ఉంటుంది: ఆత్మలను పిలవడం, కఫన్ గుడ్డ, సమాధి, ఎవరో వచ్చి వెళ్లిన జాడ. 1997 ఆల్బమ్ పేరే "సీక్రెట్ సుదారియా", సుదారియో అంటే శవం ముఖం మీద కప్పే వస్త్రం. చేతబడి కథలు, బాణామతి కబుర్లు వింటూ పెరిగిన మనకి ఈ భయం కొత్తది కాదు. పిలిస్తే పలుకుతుందేమో అన్న భయం ఇది.

లోటు లేకపోలేదు. మొదటిసారి వింటే "ఇంతేనా?" అనిపిస్తుంది. గోడలా కమ్మే శబ్దం ఉండదు, పొడిగా ఉంటుంది. నాకు మూడోసారికి గానీ ఎక్కలేదు. ఫోన్ స్పీకర్‌లో వినొద్దని చెప్పినవాటిలో ఇదొకటి. ఒక మాదిరి హెడ్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

పాతదాని గరుకు పడకపోతే 2023లో పీస్‌విల్ సంస్థ తెచ్చిన "బ్లాక్ మిర్రర్"తో మొదలుపెట్టొచ్చు. శబ్దం శుభ్రంగా ఉంటుంది, బేస్ తన చోటులోనే ఉంటుంది. కానీ 1994 నాటి ఆ బూజు పట్టిన వాసన అందులో తగ్గిందని నా అభిప్రాయం.

## ఒపేరా 9: వాల్‌నట్ చెట్టు కింద

ఇదీ పియమోంతెదే, బియెల్లా ఊరు, 1988. గిటారిస్ట్ ఒసియన్ మొదలుపెట్టాడు. కదవేరియా అనే గాయని గొంతుతో బ్యాండ్‌కు గుర్తింపు వచ్చింది. 1990లలో అరుపు గొంతుతో బ్లాక్ మెటల్ పాడిన ఆడవాళ్లు చాలా తక్కువ. ఆమె అరవడంతో ఆగలేదు. అదే పాటలో మామూలుగా పాడుతుంది, గుసగుసలాడుతుంది, మళ్లీ గొంతు చీల్చుకుంటుంది.

"సాక్రో కుల్తో" (1998) దగ్గర మొదలుపెట్టండి. పాటలు పొడవైనవి, ఒక్కో పాట ఒక పూజా విధానంలా అంచెలంచెలుగా సాగుతుంది. ఇక్కడ క్షుద్రం సైతాను కన్నా పాతది. చర్చి రాకముందున్న చెట్లు, చంద్రుడు, దేవతలు. "ఫ్రాండ్స్ ఆఫ్ ది ఏన్షియంట్ వాల్‌నట్" అనే పాట ఉంది. వాల్‌నట్ చెట్టు అనగానే ఇటలీ వాళ్లకు బెనెవెంతో గుర్తొస్తుంది. నేపుల్స్‌కి లోపలి వైపు ఉన్న ఊరది. అక్కడ ఒక వాల్‌నట్ చెట్టు కింద మంత్రగత్తెలు కూడేవారని, ఏడో శతాబ్దంలో ఒక బిషప్పు ఆ చెట్టును నరికించాడని కథ. అక్కడి వాళ్లు మంత్రగత్తెను జనార అంటారు.

ఆ ఊరి పాత పేరు మలెవెంతుమ్. అపశకునంగా ఉందని రోమన్లు బెనెవెంతుమ్ అని మార్చేశారు. 2002లో ఈ బ్యాండ్ చేసిన ఆల్బమ్ పేరు "మలెవెంతుమ్". అప్పటికి కదవేరియా వెళ్లిపోయి సొంత బ్యాండ్ పెట్టుకుంది. ఒక ఊసుపోక కబురు: బెనెవెంతోలో 1860 నుంచి తయారవుతున్న పసుపు రంగు మద్యం పేరు స్త్రేగా, అంటే మంత్రగత్తె. ఇటలీలో పెద్ద సాహిత్య బహుమతి స్త్రేగా ప్రైజ్‌కు ఆ సీసా పేరే పెట్టారు. మంత్రగత్తె పేరుతో రచయితలకు సన్మానం, అదీ పోప్ పక్కింట్లో ఉన్న దేశంలో.

2018లో వచ్చిన "ద గాస్పెల్" ఆల్బమ్‌కు ఆధారం 1899లో చార్ల్స్ లీలండ్ అచ్చు వేయించిన "అరాదియా" అనే పుస్తకం. తస్కనీ మంత్రగత్తెల సువార్త అని ఆయన చెప్పుకున్న పుస్తకం అది. దానిలో ఎంత జానపదం, ఎంత కల్పన అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. సంగీతానికి ఆ గొడవ పట్టదు. ఈ బ్యాండ్ చదువుకుని పాట కడుతుంది అనడానికి మాత్రం అది సాక్ష్యం.

లోటేమిటంటే కీబోర్డులు. 1990ల కీబోర్డుల్లో వయొలిన్లను అనుకరించే శబ్దాలు కొన్నిచోట్ల పాత టీవీ భక్తి సీరియల్ నేపథ్య సంగీతంలా వినిపిస్తాయి. నాకు నవ్వు వచ్చిన చోట్లు రెండు మూడు ఉన్నాయి, అక్కడ చీకటి కాసేపు పోయింది. పొడవు కూడా ఇబ్బందే. బస్సులో ముక్కలు ముక్కలుగా వింటే ఏమీ మిగలదు, ఒకేసారి కూర్చుని మొత్తం వినాలి.

## నెక్రోడెత్: వేగంగా వచ్చే చీకటి

ఓడరేవు నగరం జెనోవా, 1980ల నడిమి. "ఇన్‌టు ద మకాబర్" 1987లో వచ్చింది, నలభై నిమిషాలు కూడా ఉండదు. అసలు ఇది థ్రాష్‌కూ బ్లాక్ మెటల్‌కూ మధ్య గడప మీద నిలబడ్డ ఆల్బమ్. పెసో అనే డ్రమ్మర్ కొట్టే వేగం ఆ రోజులకు చాలా ఎక్కువ. గొంతు మీద ప్రతిధ్వని ఎంత పోశారంటే, పాడే మనిషి బావిలో ఉన్నట్టుంటుంది.

ఇందులో "మాతెర్ తెనెబ్రారుమ్" అనే పాట ఉంది, చీకట్ల తల్లి అని అర్థం. అర్జెంతో సినిమాల్లో తల్లులని పిలిచే ముగ్గురు మంత్రగత్తెల్లో ఒకామె పేరు అది. థామస్ డి క్విన్సీ అనే ఆంగ్ల రచయిత 1845లో రాసినదాంట్లోంచి సినిమాకు, అక్కడి నుంచి మెటల్‌కు వచ్చింది.

స్లేయర్ లాంటి థ్రాష్ బ్యాండ్లు విని ఉన్నవాళ్లకు ఇది తేలిక. చీకటిలో మునగాలనుకుంటే మాత్రం నిరాశే. మునగనివ్వదు, లాక్కుపోతుంది.

## అబోరిమ్: కలియుగం వాళ్ల చేతిలో

1990ల మొదట్లో దక్షిణాన తారాంతోలో పుట్టి రోమ్ చేరిన బ్యాండ్. నడిపింది ఫాబ్బన్. మొదటి ఆల్బమ్ పేరు "కలియుగ బిజార్" (1999). చూడగానే మనకి ఒక కుతూహలం కలుగుతుంది కదా. పాటల జాబితా చూడండి: "తంత్ర బిజార్" ఉంది, "వేర్మాఖ్ట్ కాళీ మా" కూడా ఉంది. రెండో పేరులో హిట్లర్ సైన్యాన్నీ కాళికమ్మనూ ఒకే ముద్దగా చేశారు.

ఇక్కడ నా మాట సూటిగా చెబుతాను. కలియుగం అనే ఆలోచన ఇటలీకి హిప్పీల ద్వారా మాత్రమే రాలేదు. జూలియస్ ఎవోలా లాంటి తీవ్ర మితవాద (ఫార్ రైట్) రచయితలు దాన్ని పట్టుకుని, ఆధునిక ప్రపంచం కుళ్లిపోయిందని చెప్పడానికి వాడుకున్నారు. మన ఇళ్లలో "కలికాలం" అని నిట్టూరుస్తూ పాల ప్యాకెట్ ధర గురించి మాట్లాడుకునే మాట, అక్కడ వేరే బరువుతో తిరుగుతోంది. ఆ పేర్లు చూసి "మన గురించే" అని పొంగిపోనక్కర్లేదు. అలాగని మండిపడాల్సిన పనీ లేదు, చాలావరకు అలజడి రేపడానికి పెట్టిన పేర్లవి. ఇష్టం లేకపోతే దాటేయండి.

సంగీతం మాత్రం నిజంగా వేరు. డ్రమ్ మెషిన్, టెక్నో దెబ్బలు, మధ్యలో చర్చి బృందగానం. ఇటలీ బ్యాండ్లలో చర్చి వదిలి ఫ్యాక్టరీలోకి నడిచిన బ్యాండ్ ఇదే అనిపిస్తుంది. తారాంతోలో యూరప్‌లోకెల్లా పెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటి ఉందని గుర్తుపెట్టుకుని వింటే ఇంకోలా వినిపిస్తుంది, విశాఖ వాళ్లకు మరీను. 1994లో వచ్చిన నార్వే బ్యాండ్ మేహెమ్ ఆల్బమ్‌లో పాడిన హంగరీ గాయకుడు అత్తిలా చిహార్ ఇందులో అతిథిగా ఉన్నాడు, తర్వాతి రెండు ఆల్బమ్‌లకు ముఖ్య గాయకుడయ్యాడు. ఆయన గొంతు కోసమే అయితే 2001 నాటి "ఫైర్ వాక్ విత్ అస్"కు వెళ్లండి.

పాత వాసన కోరుకునేవాళ్లు దీన్ని ఆఖరున పెట్టుకోండి.

## అబిస్మల్ గ్రీఫ్: శవయాత్ర వెంట నడక

మళ్లీ జెనోవా, 1996. డూమ్ బ్యాండ్. కానీ గొంతు, వేషం, విషయం అన్నీ బ్లాక్ మెటల్ ఇంటివే. పాటలు దాదాపు అన్నీ అంత్యక్రియల చుట్టూ తిరుగుతాయి. "ఫెరెత్రి" అంటేనే శవపేటికలు. ఆర్గన్ ముందు నడుస్తుంది, గిటార్ వెనక పాడె మోస్తుంది. ఇదే ఊళ్లో స్తాల్యెనో అనే పెద్ద శ్మశానవాటిక ఉంది, 1851లో తెరిచారు. ఏడుస్తున్న దేవదూతల శిల్పాలు వరసగా. ఇంగ్లండ్ బ్యాండ్ జాయ్ డివిజన్ వాళ్ల "క్లోజర్" ఆల్బమ్ అట్ట మీది బొమ్మ అక్కడిదే. ఆ ఫొటోలు చూస్తూ ఈ ఆల్బమ్ వినండి, ఇంక వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఒకసారి స్పీకర్‌లో పెట్టి వింటుంటే మా పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏంట్రా, చర్చి పాటలు వింటున్నావు?" అంది. ఆర్గన్ విని అలా అనుకుంది. గొంతు మొదలయ్యాక ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. కొత్తవాళ్లకు ఇది సులభమని పట్టికలో రాసింది ఇందుకే. రాగం వెంటనే పట్టుబడుతుంది, వేగం లేదు, శబ్దం శుభ్రంగా ఉంది.

నచ్చనిది ఒకటే. అన్ని ఆల్బమ్‌లూ ఇంచుమించు ఒకే దారి. రెండు విన్నాక మూడోది ఎప్పుడు మొదలైందో తెలియదు. అభిమానులు అదే కావాలంటారు, నేను మాత్రం ఏడాదికి ఒకటితో ఆగుతాను.

## డెత్ ఎస్ఎస్: పునాది

1977లో పెజారోలో స్టీవ్ సిల్వెస్టర్, పాల్ చెయిన్ కలిసి మొదలుపెట్టారు. పేరులో ఎస్ఎస్ నాజీల గుర్తు కాదు, స్టీవ్ సిల్వెస్టర్ పొడి అక్షరాలు. ఒక్కొక్కరు ఒక్కో వేషం: రక్తపిశాచి, మమ్మీ, తోడేలు మనిషి, మృత్యువు. అప్పటి పాటలను తర్వాత సంకలనంగా వేశారు. రికార్డింగ్ నాసిరకం క్యాసెట్‌లా ఉంటుంది, పాటలు మాత్రం పాత హార్డ్ రాక్ తరహాలో సులువుగా ఎక్కుతాయి. పూర్తిగా వేషం, దాన్ని దాచుకోరు కూడా. అందుకే నవ్వుతూ భయపడొచ్చు.

పాల్ చెయిన్ విడిగా చేసినవి ఇంకా చిత్రం. చాలా పాటల్లో అర్థం లేని ధ్వనులతో తనే అల్లుకున్న భాషలో పాడాడు. ఇంగ్లిష్‌లా వినిపిస్తుంది, కాదు. అర్థం కాని మంత్రానికి ఉండే బలం ఏమిటో దాన్ని వింటే తెలుస్తుంది.

## ఎవరికి ఏది

హారర్ సినిమాల పిచ్చి ఉండి మెటల్ పెద్దగా విననివాళ్లు అబిస్మల్ గ్రీఫ్ పట్టుకోండి, తర్వాత డెత్ ఎస్ఎస్. అరుపు గొంతు మీద చిరాకు ఉన్నవాళ్లకూ డెత్ ఎస్ఎస్సే దారి. థ్రాష్, డెత్ మెటల్ మీద పెరిగినవాళ్లకు నెక్రోడెత్ ఒక్క సాయంత్రంలో ఎక్కేస్తుంది. అక్కడి నుంచి మార్చురీ డ్రేప్‌కి రావడం తేలిక, నేనూ అలాగే వచ్చాను.

జానపద కథలు, దేవతలు, మంత్రగత్తెల చరిత్ర చదివే అలవాటున్నవాళ్లకు ఒపేరా 9. సాహిత్యం పక్కన పెట్టుకుని వినండి, లేకపోతే సగం పోతుంది. ఇండస్ట్రియల్, టెక్నో వినేవాళ్లు నేరుగా అబోరిమ్‌కి వెళ్లినా ఏమీ కాదు.

ఎక్కువ ఇబ్బంది పడేది మార్చురీ డ్రేప్, ఒపేరా 9 మధ్య ఆగిపోయేవాళ్లు. రెండూ పియమోంతెవే, రెండూ 1980ల రెండో సగంలో మొదలైనవే, రెండూ విషయాన్ని మనసుకు పట్టించుకున్నవే. నా లెక్క ఇది: కథ కావాలంటే ఒపేరా 9, గది కావాలంటే మార్చురీ డ్రేప్. మొదటిది మిమ్మల్ని ఎక్కడికో తీసుకెళ్తుంది. రెండోది మీరున్న చోటికే వస్తుంది. రాత్రి ఒంటరిగా వినేవాళ్లు ఆ తేడా గమనించుకోండి, పొద్దున్నే ఆఫీసు ఉంటే మరీను.

ఇంట్లో పెద్దవాళ్లతో ఉండేవాళ్లకు ఒక మాట. ఆల్బమ్ అట్టలు చూసి కంగారు పడేవాళ్లు ఉంటారు. ఇటలీలోనూ ఇదే గొడవ పెద్దగా జరిగింది. మిలాన్ చుట్టుపక్కల మెటల్ వినే కుర్రాళ్ల ముఠా ఒకటి 1998లో, 2004లో హత్యలు చేసింది. పత్రికలు వాళ్లను సైతాను మృగాలు అన్నాయి. అరెస్టుల తర్వాత కొన్నాళ్లపాటు నల్ల టీ షర్టు వేసుకున్న ప్రతివాడినీ అనుమానంగా చూశారు. నేరం చేసింది ఆ కొందరు, చెడ్డపేరు మాత్రం పాటలు వినే అందరికీ. మీ ఇంట్లో ఎవరైనా అడిగితే దాచకుండా వినిపించండి. సాధారణంగా రెండో నిమిషానికి వాళ్లే లేచి వెళ్లిపోతారు.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఈ ఆరింటినీ దాటి కొత్త పేర్లు వెతికేటప్పుడు ఫాసిస్టు రాజకీయాలు ఉన్న బ్యాండ్లు తగులుతాయి, ఇటలీలో ఆ ధోరణి ఉంది. కొనే ముందు బ్యాండ్ గురించి రెండు ముక్కలు చదువుకోండి.

ఎల్‌పీ రికార్డులు తెప్పించుకోవాలనుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి చూసుకోండి, ఒక్కోసారి రికార్డు కన్నా అవే ఎక్కువవుతాయి. జెనోవాలో బ్లాక్ విడో అనే సంస్థ పాత ఇటలీ చీకటి సంగీతాన్ని ఏళ్లుగా మళ్లీ మళ్లీ అచ్చు వేస్తోంది, జాకుల రికార్డులతో సహా. నేనైతే ముందు ఇంటర్నెట్‌లో పూర్తిగా విని, మూడోసారి కూడా వినబుద్ధి అయినదాన్నే కొంటాను. ఈ ఆరింటిలో ఇప్పటికి కొన్నవి రెండే. ఏ రెండో ఇక్కడిదాకా చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు.